ఆరు కొక్కేల గుడ్డు

ఆ ఆసుపత్రిలో ఆయన అసలు పేరు ఎందరికి తెలుసునో చెప్పడం కష్టం. డాక్టరమ్మ మొదలుకొని నేల తుడిచే మనిషి వరకు అందరికీ ఆయన ఉప్పునీళ్ళాయనే. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేతుల ఉప్పుతడి ఆరింది లేదు. వేళ్ళ సందుల్లో తెల్లని పొడి, చొక్కా చేతుల అంచులకు తెల్లని చార, కళ్ళజోడు కాడల మీద కూడా తెల్లని చుక్కలు. ఆ చొక్కాలు ఉతికే భార్య, "మిమ్మల్ని కాసేపు ఎండలో ఆరబెడితే చాలు, వంటింటికి సరిపడా రాలుతుంది" అనేది.

అది కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే చోటు కాదు. తాబేళ్ళు, రంగురంగుల చిలుకలు, గినీపందులు, అరచేతిలో ఇమిడే హామ్‌స్టర్లు, గడ్డపు తొండలు, దిండు గలేబులో చుట్టుకొని వచ్చే కొండచిలువ పిల్లలు అక్కడి రోగులు. జబ్బు చేస్తే వీటిలో ఏ ఒక్కటీ మూలగదు, అరవదు, కడుపు నొప్పి అని కాలు చాపి చూపదు. అది చెప్పలేని మాటను దాని మలమే చెప్పాలి. చిలుక రెట్టనూ, హామ్‌స్టర్ పెంటికలనూ, తాబేలు మలాన్నీ చదివి, ఆ పేగుల్లో ఏ పురుగు కాపురం పెట్టిందో తేల్చి కాగితం మీద వ్రాయడమే ఆయన ఉద్యోగం.

వెనుకవైపు ఇరుకు గది ఆయనది. ఒకే కిటికీ, దాని ఎదుట పక్క భవనపు గోడ. ఒక తొట్టి, ఒక కరెంటు పొయ్యి, ఎడమ కంటి గొట్టానికి రబ్బరు చిరిగితే సైకిలు ట్యూబు ముక్కతో అతుకు వేసిన మైక్రోస్కోపు, కిటికీ గట్టున రెండు లీటర్ల గాజు సీసా. ఆ సీసాలో ఆయన ఉప్పునీరు ఉండేది. కాచిన నీటిలో ఇక కరగనని ఉప్పు మొరాయించే దాకా కలిపి, చల్లార్చి, అడుగున పేరుకొన్నది వదిలి, పైతేట వంచి తీసిన ద్రావణమది. పరీక్షించవలసిన దానిని చిటికెడు అందులో కలిపి, వడగట్టి, సన్నని ట్యూబులో అంచు దాకా పోయాలి. పైన డ్రాపరుతో ఒక్కొక్క చుక్క వేస్తూ పోతే, నీరు ఒలికిపోకుండా చిన్న గోపురంలా ఉబుకుతుంది. ఆ ఉబ్బు మీద పలుచని గాజుబిళ్ళ పెట్టి పావుగంట ఆగితే, బరువైన ఉప్పునీటిలో మునగలేక పురుగుల గుడ్లు తేలివచ్చి గాజుకు అంటుకొంటాయి. ఆ బిళ్ళను స్లైడు మీదికి దింపి చూడడమే తరువాయి.

గుడ్డు చూసి పురుగును చెప్పడంలో ఆయనకు సాటి లేరు. తాబేలు నులిపురుగు గుడ్డు ఒకవైపు చదును. చిలుక ఏలికపాము గుడ్డు మందపు పెంకుతో నున్నని కోల. హామ్‌స్టర్ బద్దెపురుగు గుడ్డయితే గుండ్రం లోపల మరొక గుండ్రం, ఆ లోగుండ్రంలో మూడు జతలుగా ఆరు సన్నని కొక్కేలు. బంధువుల ముఖాలు తారుమారు చేస్తాడేమో గాని, ఆయన ఈ ముఖాలను తారుమారు చేసింది లేదు. నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థుల కోసం గోడకు ఒక కాగితం అంటించాడు. గుండ్రని అక్షరాలతో పదకొండు నియమాలు. నాలుగవది: "బయటికి తీసిన ఉప్పునీటిని తిరిగి సీసాలో పోయరాదు."

ఆ నాలుగవ నియమాన్ని పాటించనివాడు ఆయన ఒక్కడే. చుక్కలు వేయగా డ్రాపరులో మిగిలినదానిని తొట్టిలో పారబోయడానికి ఆయనకు మనసొప్పేది కాదు. పిసినితనం వల్ల కాదు. అంత స్వచ్ఛంగా తేర్చిన నీటిని మురికి కాలువలో కలపడం ఆయనకు ఒక విధమైన అనాచారంగా తోచేది. కుర్రవాళ్ళ చేతులు వణుకుతాయి, డ్రాపరు కొన ట్యూబులోని నీటికి తగులుతుంది, కనుక వాళ్ళు పోయకూడదు; తన చెయ్యి వణకదు, కొన తగలదు, కనుక తాను పోయవచ్చును. ఈ తీర్పు ఆయన ఎవరి ముందూ ఇచ్చుకోలేదు. గదిలో ఎవరూ లేనప్పుడు డ్రాపరు ముక్కును సీసా మూతిలో పెట్టి, రబ్బరు బుడ్డి నొక్కేవాడు. అంతే.

ఒక సోమవారం నాడు ఒక హామ్‌స్టర్ వచ్చింది. పొట్ట లోపలికి పోయి, బొచ్చు నిక్కబొడుచుకొని ఉంది. దాని పెంటికలలో ఆరు కొక్కేల గుడ్లు ఇసుక పోసినట్లున్నాయి. ఆయన తన సేవాకాలంలో అన్ని గుడ్లు ఒకే బిళ్ళ మీద చూడలేదు. డాక్టరమ్మను పిలిచి చూపించాడు. ఆమె గొట్టంలో చూసి, "అబ్బో! ఇది మనుషులకు కూడా అంటే రకం. పిల్లలున్న ఇల్లేనా?" అని అడిగింది.

"ఇద్దరు పిల్లలట డాక్టరమ్మా."

"మొన్నటి దాకా ఎక్కడుందిది?"

బయట ఫోను దగ్గర కూర్చునే ఫోనక్క అక్కడి నుంచే అందుకొంది. ఆమెకు యాభై దాటినా చెవులు మాత్రం పదహారేళ్ళవి. "వాళ్ళు ఊరెళ్ళారుగా డాక్టరమ్మా. పది రోజులు చిలకల పిన్ని దగ్గర పెట్టి వెళ్ళారు."

చిలకల పిన్ని ఆసుపత్రికి రెండు వీధుల అవతల, మూడంతస్తుల భవనంలో కింది వాటా అద్దెకు తీసుకొని, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ పెంపుడు జీవాలను తన ఇంట ఉంచుకొని చూసేది. బట్టలు కుట్టి జీవించిన మనిషి. కళ్ళు మందగించాక సూదిలో దారం ఎక్కక, ఒక చిలుకతో ఈ పని మొదలుపెట్టింది. అదే ఆమె బ్రతుకుతెరువు. ఉప్పునీళ్ళాయన కంటె నాలుగేళ్ళే పెద్దదైనా, అందరితోపాటు ఆయన కూడా ఆమెను పిన్నిగారనే పిలిచేవాడు.

డాక్టరమ్మ ఆలస్యం చేయలేదు. మిగిలిన పరీక్షలన్నీ వెనక్కు నెట్టి, ఆ నెలలో పిన్ని ఇంట ఉండి వెళ్ళిన ప్రాణులనన్నింటిని రప్పించింది. రెండు గినీపందులు, ఒక బూడిదరంగు చిలుక, ఒక గడ్డపు తొండ, ఒక చిన్న తాబేలు, ఒక కుందేలు: అయిదు ఇళ్ళవి. ఆరింటిలోనూ ఆరు కొక్కేల గుడ్లు కనిపించాయి. ఒక్కొక్క దానిలో రెండో మూడో, అంతే. కాని ఒక్కటున్నా ఉన్నట్లే కదా.

తొండలో చూసినప్పుడు ఆయనకు చిన్న శంక కలిగింది. "మిడతలు తింటుంది, వాటి ద్వారా వచ్చి ఉంటుంది" అని సర్దుకొన్నాడు. చిలుకలో చూసినప్పుడు, "గింజల్లో కలిసి ఉంటుంది" అనుకొన్నాడు. తాను చూసినదానికి సమర్థన వెదకడం ఆ వయసులో, ఆ అనుభవంతో, పెద్ద కష్టం కాదు.

అన్నింటికీ మందు పోశారు. ఫోనక్క ఇంటింటికీ ఫోను చేసి, పిల్లల చేతులు కడిగించండి, పంజరాలు మరిగే నీళ్ళతో తోమించండి, ఇక ముందు అక్కడ విడిచిపెట్టకండి అని చెప్పింది. మూడు రోజుల్లో పిన్ని ఇల్లు ఖాళీ అయింది. ఆ భవనంలోనివాళ్ళు ఇదివరకే వాసన అనీ చిలుకల గోల అనీ సణుగుతున్నవాళ్ళు. ఇప్పుడు పురుగు కూడా దొరికింది. ఆ పై వారం శుక్రవారం సాయంత్రం అయిదింటికి మెట్ల కింది హాలులో కూర్చుని, ఆ వాటాలో జంతువులను ఉంచనివ్వరాదని ఇంటి యజమానికి కాగితం వ్రాసి సంతకాలు చేద్దామని నిశ్చయించుకొన్నారు.

ఇంట్లో భార్య ఎంతో మురిసింది. "మా ఆయన కంటపడబట్టి గాని, లేకపోతే ఆ పిల్లల గతేమయ్యేదని పక్కింటి వదినకు చెప్పాను. ఆవిడ చిలకల పిన్ని భవనంలో వాళ్ళ ఆడపడుచుకు చెప్పింది. నేనెప్పుడో అనుకున్నాను, ఆ ఇంటి గుమ్మంలోనే ఒకలాంటి వాసనని."

ఆ పొగడ్త చెవికి ఇంపుగానే ఉంది. వాసన లేదని ఆయనకు తెలుసు. ఆ గుమ్మం ముందుగా ఎన్నిసార్లో నడిచాడు. అయినా ఆ పూట నోరు మెదపలేదు. తరువాత ఆయన సిగ్గుపడిన వాటిలో ఇదే మొదటిది.

ఆ వారమే మంగళవారం ప్రొద్దున్న పిన్ని సొంత తాబేలు వంతు వచ్చింది. పళ్ళెమంత వెడల్పు, ఇరవై ఏళ్ళ వయసు. ఆమె దానిని పెద్దాయన అనేది. ఆకులు తప్ప మరొకటి ముట్టదు. దాని మలాన్ని పిన్ని అప్పటికప్పుడు డబ్బాలో పెట్టి ఫోనక్కకు ఇచ్చి వెళ్ళింది. ఫోనక్క దానిని రెండు వేళ్ళతో తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, ఇదిగో, పెద్దాయన పంపిన ఉత్తరం. ఇంకా వేడిగానే ఉంది, చదువుకో" అని ముక్కు మూసుకొని పోయింది.

ఆయన బిళ్ళ దించి చూశాడు. ఆరు కొక్కేలు. ఒకటి, ఆ పక్కన మరొకటి. గొట్టాన్ని ఇంకొంచెం సరిచేసి ఆగిపోయాడు.

ఆ గుడ్లు నొక్కుకుపోయి ఉన్నాయి. పెంకు లోపలికి సొట్టపడి, గాలి తీసిన బంతుల్లా ఉన్నాయి. ఉప్పునీటిలో ఒక పావుగంట ఉన్న గుడ్డు అలా కాదు. రోజుల తరబడి నానితే, లోపలి తడిని ఉప్పు పీల్చేస్తే అలా అవుతుంది. ఆ మలం తడి ఇంకా ఆరనైనా లేదు.

కుర్చీలోంచి లేచి కిటికీ గట్టున ఉన్న సీసాను చూశాడు. తేటగా, కిటికీ వెలుగులో నీలాకాశపు ముక్కలా ఉంది. దానిలోంచి ఒట్టి ఉప్పునీటినే ఒక ట్యూబులో పోశాడు. ఏమీ కలపలేదు. కొత్త డ్రాపరుతో అంచు నింపి, బిళ్ళ పెట్టి, గోడ గడియారం చూస్తూ పావుగంట నిలబడ్డాడు. ఆ పావుగంటలో ఆయన ఏమి కోరుకొన్నాడో ఎవరికీ చెప్పుకోదగినది కాదు. పిన్ని ఇల్లే మురికి కావాలని కోరుకొన్నాడు.

బిళ్ళ మీద నాలుగు గుడ్లున్నాయి. నాలుగూ సొట్టపడ్డవే.

హామ్‌స్టర్ పరీక్ష నాడు చుక్కలు వేస్తుండగా డ్రాపరు కొన ఆ ఉబ్బుకు తగిలి ఉంటుంది. తగిలిన గుడ్లను పీల్చుకొని ఉంటుంది. మిగిలిన చుక్కలు ఆయన చేతి మీదుగానే సీసాలోకి వెళ్ళాయి. గుడ్లు తేలుతాయి గనుక, వంచినప్పుడల్లా పైనున్నవే ముందుగా జారి వచ్చాయి. గినీపందికీ, చిలుకకూ, తొండకూ, కుందేలుకూ ఆయనే స్వయంగా, వరుసగా, చక్కని చేవ్రాతతో పురుగులు పంచిపెట్టాడు.

తలుపు గడియ వేశాడు. సీసాను తొట్టిలో గుమ్మరించాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క చుక్క పారబోయనివాడు, రెండు లీటర్ల నీళ్ళు బుడబుడమని కాలువలోకి పోతుంటే కుళాయి కూడా తిప్పి పట్టాడు, చప్పుడు వినబడకుండా. సీసాను మరిగే నీళ్ళతో ముమ్మారు కడిగాడు. కొత్త నీరు కాచాడు. పెద్దాయన కాగితం మీద మాత్రం కలం ఆడలేదు. చాలాసేపటికి, "గుడ్లు కనబడినవి" అని వ్రాశాడు. ఆ ఇంటి తాబేలుకే లేవని వ్రాస్తే డాక్టరమ్మ మళ్ళీ చూస్తానంటుందేమోనని భయపడ్డాడు. మధ్యాహ్నం ఆ తాబేలు నోరు పెగలదీసి గొట్టంతో మందు పోశారు.

మర్నాడు పిన్ని వచ్చింది. నేరుగా వెనుక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఒక సంచి.

"లోపలికి రావచ్చా నాయనా? పనిలో ఉన్నట్టున్నావు."

"రండి పిన్నిగారూ, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. ఆయన కూర్చోమన్నది ఆ గదిలోని ఒకే ఒక కుర్చీలో. సంచి లోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. పంజరం మూల గీకిన పొడి, నీళ్ళ గిన్నె అడుగు తుడిచిన గుడ్డ పీలిక, గచ్చు పగుళ్ళలోంచి పుల్లతో తీసిన మట్టి. ఒక్కొక్క పొట్లం మీద ఎక్కడిదో వ్రాసి ఉంది, వంకర అక్షరాలతో.

"ఎక్కడ తప్పిందో కాస్త చూసి చెబుతావా? నాలుగు రోజులుగా మరిగే నీళ్ళతోనే కడుగుతున్నాను. మంచం కిందా వదల్లేదు. నాకు కళ్ళు సరిగా ఆనవు కదా, ఏ మూలో మిగిలిపోయి ఉంటుంది. అది చెబితే దాన్నే పట్టుకుని తోముతాను."

ఆమె చేతులు ఎర్రగా ఉడికి, వేళ్ళ కొసల తోలు ఊడి ఉంది. ఆయన చూపు తిప్పుకొన్నాడు. తిప్పుకొన్న చూపు పోయి గోడ మీది పదకొండు నియమాల మీద పడింది.

"ఇంకొకటి" అని ఆమె గొంతు తగ్గించింది. గుమ్మంవైపు ఒకసారి చూసి, మూడు కవర్లలో చుట్టిన చిన్న డబ్బాను బల్ల అంచున పెట్టింది. "మనుషులకూ అంటుతుందన్నారు కదా. ఇది... నాదే. మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పను నాయనా? ఈ వయసులో ఒంట్లో పురుగులని? నీ మిషనులో మనుషులది చూస్తే పాపమా?"

ఆ క్షణాన చెప్పి ఉండవలసింది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. కాని నోటి వెంట వేరే మాట వచ్చింది. "ఇక్కడ మనుషులవి చూడకూడదు పిన్నిగారూ. దారిలో ల్యాబు ఉంది. నేనే ఇచ్చి వస్తాను. మీ పేరు చెప్పను."

"నీ మేలు మరిచిపోను" అంది ఆమె. "పాపం, నీకు వెగటు పని ఒప్పజెబుతున్నాను. పెద్దాయన కూడా నిన్నటినుంచి ఆకు ముట్టడం లేదు. వాడికీ నామీద కోపం వచ్చినట్టుంది."

ఆమె వెళ్ళాక ఆయన ఆ పొట్లాలనన్నింటిని వరుసగా పరీక్షించాడు. ఎందుకు పరీక్షిస్తున్నాడో ఆయనకే తెలియదు. కొత్త ఉప్పునీటిలో, కొత్త డ్రాపరుతో, మిగిలిన ప్రతి చుక్కనూ తొట్టిలో పారబోస్తూ చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ఆ ఇంటి గచ్చు పగుళ్ళు తన బల్లకంటె శుభ్రంగా ఉన్నాయి.

గురువారం మందు పోసిన ప్రాణులకు మరల పరీక్ష. ఆరింటిలోనూ గుడ్లు లేవు. డాక్టరమ్మ కాగితాలు చూసి, "చూశారా, ఎంత బాగా పనిచేసిందో మందు! మీ కన్ను లేకపోతే ఈ ఊళ్ళో సగం మంది పిల్లలకు పాకేది. వచ్చే నెల డాక్టర్ల సమావేశంలో ఈ సంగతి చదవబోతున్నాను. మీ పేరు కూడా పెడతాను" అంది.

"నా పేరెందుకు డాక్టరమ్మా" అన్నాడు ఆయన.

"అదిగో, ఆ వినయమే వద్దు" అని ఆమె నవ్వింది.

ఆ మాటతో ఆయనకు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రి కంచం ముందు నుంచి సగంలో లేచాడు. కడుపులో బాగా లేదా అని భార్య అడిగితే, బాగా లేదన్నాడు. "ఆ దిక్కుమాలిన పురుగేదో మీకూ అంటిందేమో చూపించుకోండి. అంతా ఆ పిన్ని చలవే" అని ఆమె విసుక్కొంది. అప్పుడు చెప్పేశాడు. మొట్టమొదట తన భార్యకు చెప్పాడు.

ఆమె కొంతసేపు గరిటె చేత్తో పట్టుకొని నిలబడింది. "మరి నేను వీధి వీధంతా చెప్పానే" అంది చివరకు. ఆ మాటలో కోపం లేదు. ఆయన దించిన తల ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలో తలుపు దగ్గరగా వేసి అంతా విన్నవించాడు. ఆమె పూర్తిగా విని, కుర్చీ వెనక్కు జరిపింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మంగళవారం ప్రొద్దున్న."

"ఇవాళ శుక్రవారం."

"అవునండీ."

"మంగళవారం మధ్యాహ్నం ఆ తాబేలుకు నేను మందు పోశాను. నా చేత్తో. మీరు పక్కనే నిలబడి దాని తల పట్టుకున్నారు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పొరపాటు ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. నాకూ జరిగాయి. దాన్ని నేను పట్టించుకోను. ఈ మూడు రోజులేమిటి మాస్టారూ?" ఆమె ఎన్నడూ ఆయనను మాస్టారూ అనలేదు. పరాయివాళ్ళను పిలిచే పిలుపు అది. "నేను అందరికీ ఫోను చేస్తాను. కాని సాయంత్రం ఆ మీటింగుకు మీరే వెళ్ళండి. ఆ పని నేను చేసిపెట్టను."

అయిదింటికి మెట్ల కింది హాలులో పన్నెండు మంది దాకా చేరారు. పై అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు కాగితం, కలం పట్టుకొని మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ని ఒక మూల గోడనానుకొని నిలబడింది. అప్పటికే కొన్ని సంతకాలు పడ్డాయి. ఉప్పునీళ్ళాయన లోపలికి రాగానే, "రండి రండి, సాక్షి వచ్చాడు" అని మాస్టారు కుర్చీ తెప్పించబోయాడు.

ఆయన నిలబడే చెప్పాడు. డ్రాపరు సంగతి, సీసా సంగతి, గుడ్లు సీసాలో తప్ప ఈ ఇంట్లో లేవన్న సంగతి. కొంతసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరువాత ఒకడు, "అంటే పురుగులు పట్టింది మీ సీసాకా?" అన్నాడు.

"అవును."

"మరి మందు జంతువులకు పోశారేంటండీ, సీసాకు పోయక!"

హాలంతా ఘొల్లుమంది. నాలుగు తిట్లు తిట్టినా ఆయన ఓర్చుకొనేవాడు. ఆ నవ్వుకు మాత్రం చెవులు ఎర్రబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిన్ని ఒక్కతే నవ్వలేదు. గోడ వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది నాయనా?"

"మంగళవారం పిన్నిగారూ."

"నేను బుధవారం వచ్చాను కదా."

"వచ్చారు."

"ఆ డబ్బా నా చేతిలోంచి తీసుకున్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

ఆమె తన చేతులను చీర కొంగులో చుట్టుకొంది, ఎవరో చూస్తున్నారన్నట్లుగా. హాలులో నవ్వు ఆగిపోయింది. లెక్కల మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకొన్నాడు. చింపలేదు. "అయితే ఇది ఇప్పుడు పంపడం లేదు. కాని పిన్నీ, ఊళ్ళో మాట ఊళ్ళో ఉండనే ఉంది. ఆ జీవాల వాళ్ళు మళ్ళీ నీ గుమ్మం తొక్కితే కదా నీ పని సాగేది" అన్నాడు. అందరూ లేచి ఎవరి వాటాలకు వాళ్ళు వెళ్ళారు.

ఉప్పునీళ్ళాయన జేబులోంచి మడిచిన కాగితం తీసి చాపాడు. "మనుషుల ల్యాబువాళ్ళు ఇచ్చారు. మీకేమీ లేదు."

"ఏమీ ఉండదని నీకు ముందే తెలుసు" అంది ఆమె, కాగితం అందుకోకుండా. "క్షమించమని అడగడానికి వచ్చావా?"

"అడిగే మొహం లేదు."

"అయితే అడక్కు. రేపు పొద్దున తొమ్మిదింటికి రా. అయిదు ఇళ్ళున్నాయి. డాక్టరమ్మ ఫోనులో ఏం చెప్పినా, వాళ్ళు నా ఎదురుగా నీ నోటంట వినాలి. నేను వెనకాల నిలబడతాను. మాట్లాడను."

శనివారం ప్రొద్దున్న బయలుదేరారు. ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనుక.

మొదటి ఇల్లు గినీపందులది. తలుపు తీసిన ఇల్లాలు తడి చేతులతోనే విని, "అయ్యో, పోనీలెండి, ఇప్పుడేముంది" అని తలుపు వేసింది. రెండవది కుందేలుది. ఇంటాయన గడపలో నిలబడి, "మీలాంటివాళ్ళు కూడా ఇలా చేస్తే ఎలాగండీ" అన్నాడు. మూడవది చిన్న తాబేలుది. అక్కడి ముసలాయనకు చెవుడు, మూడుసార్లు గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఎదురింటివాళ్ళు కూడా తలుపులు తీసి విన్నారు. ప్రతి గడపలోనూ ఆయన ఒకే విధంగా చెప్పాడు: పరీక్ష చేసింది నేనే, నా సీసాలోనే గుడ్లున్నాయి, పిన్నిగారి ఇంట ఏ దోషమూ లేదు, క్షమించండి.

మూడవ ఇంటి మెట్లు దిగుతుండగా వెనుకనుంచి ఆమె గొంతు వినబడింది.

"మంగళవారం సంగతి ఎక్కడా చెప్పడం లేదు నువ్వు."

ఆయన మెట్టు మీద ఆగాడు. చెప్పడం లేదని ఆయనకు తెలుసు. ప్రతి గుమ్మంలోనూ ఆ మాట దగ్గరకు వచ్చి, దాని పక్కగా ఒదిగి వెళుతున్నాడు. పొరపాటు చేసినవాడిగా నిలబడడం ఒకటి. మూడు రోజులు నోరు మూసుకొన్నవాడిగా నిలబడడం వేరు. మొదటిదానిని జనం ఇట్టే పోనిస్తున్నారు.

"మాట్లాడనన్నాను గాని, ఊరుకోలేకపోయాను" అంది ఆమె. "వెనక్కి వెళ్ళి ఆ మూడిళ్ళలో మళ్ళీ చెప్పమనను. నీ ఇష్టం."

ఆయన వెనక్కు తిరిగాడు. చెవిటి ముసలాయన తలుపు మళ్ళీ తట్టాడు. అక్కడ చెప్పి, కుందేలు ఇంటికి వెళ్ళాడు, ఆ పైన గినీపందుల ఇంటికి. తడి చేతుల ఇల్లాలు ఈసారి "పోనీలెండి" అనలేదు. ఆయన ముఖం వంక ఎగాదిగా చూసి, "తెలిసి కూడానా?" అంది. ఆయన "తెలిసి కూడా" అన్నాడు. నాలుగవ ఇంట తొండ యజమాని వాకిట్లోకి వచ్చి నోటికి వచ్చినన్ని తిట్టాడు. ఆ ఇంట్లో పసిపిల్ల ఉందట, వారం రోజులు ఆ పిల్లను తండ్రి చేత్తో ముట్టుకోలేదట. ఆయన విన్నాడు. ఎండ నెత్తికెక్కింది. పిన్ని గోడ నీడన నిలబడి, పెచ్చులూడిన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకొంటూ చూస్తోంది.

అయిదవది బూడిదరంగు చిలుక ఇల్లు. రెండవ అంతస్తు. తలుపు తీసినావిడ పెద్దది, కళ్ళజోడు పైకి ఎత్తి చూసింది. లోపలినుంచి చిలుక ఏదో అరుస్తోంది. ఈసారి ఆయన ముందుగా ఆ మాటతోనే మొదలుపెట్టాడు.

"మంగళవారం నుంచీ నాకు తెలుసమ్మా. తెలిసీ చెప్పలేదు."

"ఏం తెలుసు నాయనా?" అంది ఆవిడ. ఆయన మొదటినుంచి చెప్పుకొచ్చాడు. ఆవిడ వింటూ వింటూ, చూపు ఆయన మీదినుంచి వెనుక మెట్ల మీది పిన్ని మీదికి మరల్చింది. ఆయన మాట పూర్తి కాకుండానే, "పిన్నీ, మోకాళ్ళ నొప్పులతో మెట్లమీదే నిలబడ్డావేం, లోపలికి రా" అని పిలిచి, దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.

పిన్ని ఆయనను దాటుకొని లోపలికి వెళ్ళింది. ఇంటావిడ ఒక క్షణం తలుపు పట్టుకొని ఆగింది, ఈయనను కూడా పిలవాలా అన్నట్లు. ఆ సందేహం ఆయన చూశాడు. ఆమెకు ఆ ఇబ్బంది కలగకముందే, "వస్తానమ్మా" అని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.